పొరుగింటి కరెంటు

హుస్నాబాద్ చుట్టుపక్కల సేద్యం ఏళ్ల తరబడి బోర్ల మీదే నడిచింది. రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతులు మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైతే, అవే స్టార్టర్లు తీసేయమని చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్లూ ఊరోళ్లు కరెంటు వాడుకునేవాళ్లే. కప్పు మీద సోలార్ పెట్టుకుంటే అమ్మేవాళ్లు కూడా కావచ్చన్నది కొత్త ముచ్చట.

అయితే కరెంటు వ్యాపారంలో జనానికి వాటా ఉండాలన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక దేశంలో ప్రయోగాత్మకంగా ఐదు విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు. అందులో ఒకటి మన పక్కనే ఉన్న సిరిసిల్లది. 1970లో పని మొదలుపెట్టిన ఆ ‘సెస్’ (సహకార విద్యుత్ సరఫరా సంఘం)లో వినియోగదారులే వాటాదారులు, డైరెక్టర్లను ఓటేసి ఎన్నుకునేదీ వాళ్లే. టోకున కరెంటు కొని, సొంత స్తంభాలు, సొంత ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఊళ్లకిస్తుంది. దాంతోపాటే పుట్టిన మహారాష్ట్రలోని ముళా ప్రవర సంఘం 2011లో లైసెన్సు పోగొట్టుకుంది. సిరిసిల్ల నిలబడింది. 2022 డిసెంబరులో జరిగిన దాని పాలకవర్గ ఎన్నికల్లో పార్టీలు హోరాహోరీగా తలపడ్డాయి. రాజకీయం ముదిరిందని కొందరు విసుక్కుంటారు గానీ, కరెంటు సంస్థను ఓటుతో నిలదీసే హక్కు ఎంతమందికుంది?

మిగతా ప్రాంతం వేరే దారిన పోయింది. 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డు విడిపోయింది, 2000లో పంపిణీ సంస్థలు (డిస్కంలు) వచ్చాయి, హుస్నాబాద్ ఉత్తర డిస్కం కిందికి చేరింది. 2003 విద్యుత్ చట్టం పెద్ద వినియోగదారులకు నచ్చినచోట కొనుక్కునే వీలిచ్చింది. 2008లో విద్యుత్ ఎక్స్ఛేంజీ, 2020లో అందులోనే హరిత విద్యుత్తుకు వేరే మార్కెట్ వచ్చాయి. నచ్చినచోట కొనుక్కునే వీలును 2022 నిబంధనలు హరిత విద్యుత్తు విషయంలో 100 కిలోవాట్ల దాకా దించాయి. మూడు కిలోవాట్ల సోలార్ పలకలున్న ఇంటి కప్పుకు మాత్రం ఆ గుమ్మం ఇంకా ఎత్తే.

ఆ కప్పు మీద ఏం జరుగుతుందో చూడండి. ఎండ బాగా కాసిన రోజు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ తప్ప ఏమీ నడవవు. మిగిలింది మీటరు దాటి తీగెక్కి, పక్కింటి మిక్సీకో వీధి చివరి పిండి గిర్నీకో పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా కూడా పోదు. లెక్కలో మాత్రం అది డిస్కంకు ఇచ్చినట్టే. నెట్ మీటరు ఆ యూనిట్లను ఇంటి వాడకంలోంచి తీసేస్తుంది, ఇంకా మిగిలితే విద్యుత్ నియంత్రణ మండలి కట్టిన ధర వస్తుంది. పక్కింటాయన తన స్లాబు రేటు పూర్తిగా కడతాడు. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య బేరమే లేదు.

ఆ బేరానికి దారి 2016లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ చూపించింది. ఒక వీధి ఇళ్ల మధ్య సోలార్ యూనిట్లు చేతులు మారాయి. మన దేశంలో 2020లో లక్నోలో, ఢిల్లీలో ప్రయోగాలు జరిగాయి. పదిహేను నిమిషాలకోసారి ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎంత తీసుకున్నారన్నది స్మార్ట్ మీటర్లు చెబితే, బ్లాక్‌చైన్ అనే డిజిటల్ ఖాతా రాసిపెడుతుంది. తీగల వాడకానికి డిస్కంకు కిరాయి ముడుతుంది. లక్నోలో ఈ ధర మామూలు రేటు కన్నా 43 శాతం తక్కువ పలికిందని నిర్వాహకులు ప్రకటించారు. 2024లో ఢిల్లీ నియంత్రణ మండలి ఇలాంటి అమ్మకాలకు మార్గదర్శకాలే ఇచ్చేసింది.

ఈ ఇరుగుపొరుగు అమ్మకమంటే డిస్కంలకున్న భయం ఉత్తదేం కాదు. ఎక్కువ రేటు కట్టేవాళ్లు పొరుగింటికి మళ్లితే, బోర్లకు ఇచ్చే ఉచిత కరెంటు భారం ఎవరు మోయాలి? అందుకే తీగల కిరాయి నిజాయితీగా కట్టాలి, ప్రయోగం చిన్నగా మొదలవ్వాలి. దానికి నా లెక్కన సిరిసిల్లను మించిన చోటు లేదు. తీగలు సంఘానివి, సంఘం జనానిది, పగటిపూట కరెంటు లాగే మరమగ్గాలు ఊరి నిండా ఉన్నాయి. అక్కడ కుదిరితే హుస్నాబాద్ ఎంత దూరం?

టారిఫ్ మీద తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపేటప్పుడు ఎవరైనా అభ్యంతరం, సూచన రాసి పంపొచ్చు. ఈసారి విచారణకు మన ప్రాంతం నుంచి ఈ ఒక్క కోరికా పోవాలి: సెస్ పరిధిలో ఒక్క ఫీడరు మీద ఇరుగుపొరుగు అమ్మకానికి అనుమతి ఇవ్వండి.