కీళ్ళనొప్పి: విశ్రాంతి నుండి వ్యాయామమునకు

తిరుమల కొండకు నడచి వెళ్ళు దారిలో మోకాళ్ళ పర్వతమని ఒక నిలువుటెక్కు ఉన్నది. ఆ పవిత్రమైన కొండను పాదములతో తొక్కరాదని తలచి రామానుజాచార్యులవారు మోకాళ్ళతో దానిని ఎక్కినారని పెద్దలు చెప్పుదురు. ఆ కథ ఎట్లున్నను, అచ్చటికి చేరిన యాత్రికునికి తన మోకాళ్ళ సంగతి తెలిసివచ్చుట మాత్రము నిజము. వయసు మళ్ళినవారు పలువురు ఆ మెట్ల మొదట నిలిచి, పైకి చూచి, "గుజ్జు అరిగిపోయింది, ఇక మన వల్ల కాదు" అని నిట్టూర్చుట మనమందరము వినుచునే ఉన్నాము.

ఈ 'అరుగుట' అను మాట చిన్నదే గాని దాని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. ఇరుసు అరిగిన బండిని తోలరాదు. తోలినకొలది మరింత అరుగును. కీలు కూడ అటువంటిదే అనుకొన్నవారు దానిని కదపరాదన్నారు. కీలు ఇరుసు వంటిది కాదనియు, ప్రాణమున్న అవయవమనియు గ్రహించి, దానికి తగిన చికిత్స ఏర్పరచుటకు వైద్యులకు చాల కాలము పట్టినది. ఆ కథను శ్రోతలకు వినిపించుటయే నేటి మా ఉద్దేశము.

మన దేశమున ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరక సంహితలో వాతవ్యాధులను గూర్చి చెప్పుచోట సంధిగత వాతము పేర్కొనబడినది. గాలి నింపిన తిత్తిని తాకినట్లుండు వాపు, కాలు ముడుచునపుడును చాచునపుడును నొప్పి దాని లక్షణములు. సుశ్రుతుడు వ్యాయామమును గూర్చి చెప్పుచు, మనుష్యుడు తన బలములో సగము మేరకే దానిని చేయవలెనని నియమము పెట్టినాడు. ఈ 'సగము బలము' అను మాటను శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. దానితో మనకు మరల పని కలుగును.

ఐరోపాలో చాల కాలము కీళ్ళ జబ్బులన్నియు కలగాపులగముగ ఉండెడివి. 1743లో విలియం హంటర్ అను శరీరశాస్త్రజ్ఞుడు, ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి, అనగా మన జనులు గుజ్జు అనునది, ఒకసారి నశించిన మరల కోలుకొనదని వ్రాసినాడు. విలియం హెబర్డెన్ వ్రేళ్ళ కణుపులపై లేచు బుడిపెలకును గౌటు జబ్బునకును సంబంధము లేదని గుర్తించినాడు. ఆయన గ్రంథము ఆయన మరణానంతరము 1802లో వెలువడినది. ఆస్టియో ఆర్థ్రైటిస్ అను పేరును 19వ శతాబ్ది చివర బాత్ పట్టణపు వైద్యుడు జాన్ కెంట్ స్పెండర్ వ్యాప్తిలోనికి తెచ్చినాడు. విచిత్రమేమనగా, ఆయన ఆ పేరుతో పిలిచినది నేడు మనము రుమటాయిడ్ అను వేరొక జబ్బును. ఆ రెండింటిని విడదీసి చెప్పిన ఘనత 20వ శతాబ్ది ఆరంభమున ఆర్చిబాల్డ్ గారడ్‌కు దక్కినది.

జబ్బుల పేర్లే తారుమారైన కాలమున చికిత్సలు తారుమారగుటలో వింత లేదు. 1863లో జాన్ హిల్టన్ అను శస్త్రవైద్యుడు నొప్పికి ప్రకృతి చూపిన మందు విశ్రాంతియేయని ప్రతిపాదించినాడు. లివర్‌పూల్ నగరమున హ్యూ ఓవెన్ థామస్ ఈ మార్గమున మరింత దూరము పోయి, తుంటిని, మోకాలిని కదలకుండ బంధించు బద్దలను కల్పించినాడు. 1875లో వానిని గూర్చి గ్రంథము ప్రకటించినాడు. వీరు తెలివితక్కువవారు కారు. ఆనాడు కీళ్ళను పాడుచేయుచుండిన పెద్ద శత్రువు క్షయ. దానికి స్ట్రెప్టోమైసిన్ అను మందు 1943 వరకు కనుగొనబడలేదు. అట్టి కీలును నెలల తరబడి కదలనీయకుండ ఉంచుట వలన ఎందరి కాళ్ళో దక్కినవి. పొరపాటు వారి చికిత్సలో లేదు. ఒక జబ్బునకు సరిపడిన కట్టడిని కీళ్ళనొప్పులన్నింటికిని వర్తింపజేయుటలో ఉన్నది.

ఆ పొరపాటు ఎంతకాలము నిలిచినదో చెప్పుటకు మా ఇంటి ముచ్చట ఒకటి చాలును. సుమారు 30 ఏండ్ల క్రిందట మా నాయనమ్మకు మోకాళ్ళనొప్పి వచ్చినది. వైద్యులొకరు ఎక్స్‌రే చూచి, కీళ్ళు అరిగినవి, కదపవద్దు అన్నారు. మేమందరము ఆ మాటను శిరసావహించినాము. నీళ్ళచెంబు మంచము దగ్గరకే, అన్నపు కంచము మంచము దగ్గరకే. మొదటి ఏడు ఆమె వీధి అరుగు దాక వచ్చెడిది. రెండవ ఏడు పెరటి దాక పోయెడిది. మూడవ ఏట లేచి నిలువలేకపోయినది. ప్రేమతోనే చేసినాము. కాని ఆమె కాళ్ళకు నొప్పికంటె మా సేవయే ఎక్కువ చెరుపు చేసినదని మాకు తెలిసినప్పటికి ఆమె లేదు.

ఎందువలన చెరుపు? మృదులాస్థిలో రక్తనాళములు లేవు. కీలులోని ద్రవము నుండియే దానికి పోషణ అందవలెను. అడుగు వేయునపుడు అది నొక్కుకొనును, ఎత్తునపుడు విచ్చుకొనును; తడిగుడ్డను పిండి మరల నీట ముంచినట్లు ఈ రాకపోకలలోనే ఆహారము లోనికి చేరును. కదలిక లేని కీలు ఆకలిగొన్న కీలు. తొడ కండరములు కూడ పనిలేనిచో త్వరితముగ క్షీణించును. అవి క్షీణించిన, మోకాలి బరువును పంచుకొనువారే ఉండరు. 1947లో రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు రోగిని మంచమున పడవేయుట వలన కలుగు కీడులను గూర్చి వ్రాసిన చిన్న వ్యాసము వైద్యలోకమును మేలుకొలిపినది.

1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అను ఇరువురు ఎక్స్‌రే చిత్రములను బట్టి కీళ్ళ చెడుపునకు తరగతులు ఏర్పరచినారు. ఆ కొలమానము నేటికిని వాడుకలో ఉన్నది. కాని ఎక్స్‌రేలో చెడుపు అధికముగ నున్న కొందరు సుఖముగ నడచుటయు, స్వల్పముగ నున్న కొందరు బాధపడుటయు తరచు కనబడినది. చిత్రము ఎముకను చూపునే గాని నొప్పిని చూపదు.

1962లో జాన్ చార్న్‌లీ ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో నమ్మదగిన కృత్రిమ తుంటికీలును అమర్చుట మొదలుపెట్టినాడు. అన్ని ఉపాయములు తీరినవారికి ఆ శస్త్రచికిత్స మహోపకారము; దానిని తక్కువ చేసి చెప్పరాదు. అయితే శస్త్రములన్నియు ఒకటి కావు. మోకాలిలోనికి సన్నని గొట్టము పంపి కడుగుట, గీకుట అను చికిత్సను 2002లో అమెరికాలో 180 మంది రోగులపై పరీక్షించిరి. కొందరికి చర్మముపై కోత మాత్రమే పెట్టి, లోపల ఏమియు చేయక కుట్టివేసిరి. ఈ ఉత్తుత్తి కోతవారికంటె నిజముగ కడిగించుకొన్నవారికి ఎక్కువ ఉపశమనము కలుగలేదు.

ఇక వ్యాయామము మాట. 1997లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 60 ఏండ్లు, అంతకు పైబడిన 439 మంది మోకాళ్ళనొప్పివారు 18 నెలలు పాల్గొన్నారు. నడక సాగించినవారికిని, బరువులతో కండరములకు పని కల్పించినవారికిని, ఆరోగ్యపాఠములు మాత్రమే విన్నవారికంటె నొప్పి కొంత తగ్గినది, పనులు చేసికొను శక్తి కొంత పెరిగినది. ముఖ్యమైనది వేరొకటి: ఎక్స్‌రేలను పోల్చి చూడగా వ్యాయామము చేసినవారి కీళ్ళు తక్కినవారి కీళ్ళకంటె ఎక్కువగ చెడలేదు. ఇరుసు ఉపమానమునకు ఇది గట్టి దెబ్బ.

అట్లని పాఠములు వ్యర్థము కావు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కేట్ లోరిగ్ అను విదుషి 1970ల చివర రోగులకు తమ జబ్బును తామే నిర్వహించుకొను శిక్షణ ఆరంభించినది. నాలుగేండ్ల తరువాత చూడగా వారికి నొప్పి సగటున నూటికి 20 వంతులు, వైద్యుల వద్దకు పోవుట 40 వంతులు తగ్గినట్లు 1993లో వెల్లడియైనది. ఆహార విషయము ఫ్రామింగ్‌హామ్ పట్టణమున తేలినది. పదేండ్లలో సుమారు 5 కిలోల బరువు తగ్గిన స్త్రీలకు మోకాళ్ళ జబ్బు వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గినదని 1992లో ప్రకటించిరి. శరీరమున ఒక కిలో తగ్గిన, వేయు ప్రతి అడుగున మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో లెక్కగట్టిరి. 2013 నాటి వేరొక పరీక్షలో 454 మంది పాల్గొనగా, మితాహారమును వ్యాయామమును జతగా పాటించినవారికే, ఒక్కటే పాటించినవారికంటె నొప్పి ఎక్కువగ తగ్గినది. అదే సంవత్సరము డెన్మార్క్‌లో ఈ త్రోవనే ఒక దేశవ్యాప్త పథకము ఆరంభమైనది: రెండు మూడు పాఠములు, ఆరు వారములలో పన్నెండు పర్యాయములు పర్యవేక్షణలో వ్యాయామము. ఖర్చుగల యంత్రములతో దానికి పని లేదు.

మన అలవాట్లకు దగ్గరగా నున్న సంగతి చీనాలో బయటపడినది. బీజింగ్ నగరపు వృద్ధస్త్రీలలో మోకాళ్ళ జబ్బు అమెరికా స్త్రీలలోకంటె హెచ్చు. తుంటి జబ్బు మాత్రము మిక్కిలి అరుదు. యౌవనమున గంటల తరబడి గొంతుకూర్చున్నవారిలో మోకాలి జబ్బు ఎక్కువగ కనబడినది. నేలపై వంట, నేలపై భోజనము, గొంతుకూర్చుండి చేయు పనులు గల మనకును ఇది ఆలోచింపదగినది. నొప్పి ఉన్నవారు ఎత్తైన పీటను, కుర్చీని వాడుటలో నామోషీ లేదు.

కుర్చీలో నుండి చేతి ఆసరా లేక లేచి కూర్చుండుట, కూర్చుండి మోకాలు చాచి కాసేపు నిలుపుట, రోజును కొంత నడచుట — ఇవి ఎవరి ఇంటనైనను సాధ్యము. చేయునపుడు కొద్దిపాటి నొప్పి కలిగినను భయము లేదు. మరునాటికి అది సద్దుమణుగవలెను. లేనిచో మోతాదు తగ్గించవలెను. కీలు వేడెక్కి ఎర్రబారినను, జ్వరము తోడైనను, ఉన్నట్టుండి బిగిసిపోయినను వైద్యుని చూడవలెను. వ్యాయామము పోయిన గుజ్జును తిరిగి తేదు. హంటర్ చెప్పినదానిలో అంతవరకు నిజమున్నది. కాని ఉన్నదానితో బ్రతుకు సాగించు శక్తిని అది ఇచ్చును.

సగము బలముతో మొదలిడుమన్న సుశ్రుతుని మాట ఇచ్చట పనికివచ్చును. మీ ఇంట మోకాళ్ళనొప్పి గల పెద్దలున్నచో, మేము చేసినట్లు మంచము దగ్గరకు చెంబు చేర్చకుడు. చేయూత ఇచ్చి, చెంబు ఉన్నచోటికి వారినే నడిపించుడు.