గాలినే మందుగా ఇచ్చిన దవాఖాన

నవాబుపేట వైపు నుంచి వచ్చి, వికారాబాద్ దాటి తాండూరు రోడ్డు పట్టుకుంటే అనంతగిరి గుట్ట ఎక్కాలి. ఆదివారాలు ఆ దారిలో హైదరాబాద్ కార్లే ఎక్కువ. అనంతపద్మనాభుడి గుడికి కొందరు, మూసీ పుట్టిన చోటు చూద్దామని కొందరు, ఉత్తి చల్లగాలికి మిగతావాళ్లు. ఈ గాలి కోసమే ఒకప్పుడు గుట్ట మీది టీబీ దవాఖానకు రోగులు వచ్చేవాళ్లు. అనంతగిరి గాలి లక్షల మంది రోగులకు మందు అనే అర్థంలో ఒక ఉర్దూ మాట ఇప్పటికీ ఇక్కడ వినిపిస్తుంది.

ఈ శానిటోరియం నిజాం కాలం నాటిది. క్షయ క్రిమిని రాబర్ట్ కోచ్ 1882లోనే పట్టుకున్నాడు గానీ, దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. ఆ అరవయ్యేళ్లూ డాక్టర్ల చేతిలో ఉన్నవి మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. కిటికీ ఎటు తెరవాలి, వరండా ఎంత వెడల్పు ఉండాలి అన్నది కూడా వైద్యంలో లెక్కే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఆ నమ్మకంతోనే వెలిసింది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనైతే ఫక్రుల్ ముల్క్ నవాబు కట్టించుకున్న ఇర్రమ్‌నుమా మహలే ఛాతీ దవాఖాన అయింది. మహలుకు అంతకన్నా మంచి గతి ఏముంటుంది!

ఈ లెక్కను తలకిందులు చేసింది మద్రాసు. 1956లో అక్కడ భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి ఒక క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. పేద రోగులను చీటీలు తీసినట్టు రెండుగా విడదీశారు. కొందరు శానిటోరియంలో, కొందరు తమ ఇరుకిళ్లలో. అందరికీ ఏడాదిపాటు ఒకే మందులు. ఇళ్లలో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, గాలి తక్కువ, విశ్రాంతి ఇంకా తక్కువ. అయినా 1959లో ఫలితాలు బయటికొస్తే, ఇరువైపులా దాదాపు ఒకేలా కోలుకున్నారని తేలింది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడమూ పెరగలేదు. మాత్రలు మానకుండా మింగితే చాలు, మంచం ఎక్కడున్నా ఒకటే. ఆ తర్వాత చాలా దేశాల్లో శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. గాలి పేరు చెప్పి కట్టిన భవనాలకు ఒక పరిశోధనా పత్రం ఎసరు పెట్టింది.

ఇప్పుడు మామూలు టీబీకి ఆరు నెలల మందులు సర్కారు దవాఖానల్లో ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ తిండి ఖర్చుకు నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే గుట్ట ఎక్కే పనిలేదు, దగ్గర్లోని సర్కారు దవాఖానకు వెళ్లి తెమడ పరీక్ష చేయించుకోండి.