ఎడారి బడిలో నాలుగు హౌస్‌లు



చాలా ఏళ్ళ క్రితం మా అమ్మాయి రాజమండ్రిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి, "అమ్మమ్మా, నేను గ్రీన్ హౌస్‌కి వైస్ కెప్టెన్ అయ్యాను" అని గొప్పగా చెప్పింది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మా అమ్మ, "అద్దింటికి రంగులు కూడా మీచేతే వేయిస్తున్నాడుటే ఆ ఇంటాయన?" అంది.

ఆ మాట తల్చుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. కానీ ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. బడి పిల్లల్ని నాలుగు రంగులుగా విడగొట్టి, వాటికి ఇళ్ళని పేరెందుకు పెట్టినట్టు? నాకూ తెలిసేది కాదు. నేను చదివింది మునిసిపల్ బాలికల హైస్కూల్లో. అక్కడ ఏ సెక్షన్, బీ సెక్షన్ తప్ప మరో విభజన లేదు. 1997లో షార్జా వచ్చి ఒక ఇండియన్ బాలికల పాఠశాలలో సోషల్ టీచరుగా చేరాను. రెండో నెలలోనే నన్ను పిలిచి, "గ్రీన్ హౌస్ ఇకనుంచి మీదే" అన్నారు. ఆ రోజు నేను కూడా కాసేపు మా అమ్మలాగే చూశాను. సోషల్ టీచర్ని కదా, తర్వాత కూపీ లాగడం మొదలుపెట్టాను.

ఇంగ్లండులో 1440లో ఈటన్ స్కూలు పెట్టినప్పుడు 70 మంది పేద విద్యార్థులకే లోపల బస. డబ్బిచ్చి చదువుకునేవాళ్ళు బయట ఊళ్ళో అద్దెకి దిగేవారు. వాళ్ళకి గదిచ్చి, అన్నం పెట్టే ఇంటావిడల్ని 'డేమ్' అనేవారు. అంటే హౌస్ అన్న మాట పుట్టింది అద్దె కొంపల్లో అన్నమాట! మా అమ్మ అంత దూరం వెళ్ళకుండానే సరిగ్గా అక్కడికే వచ్చింది. క్రమంగా ఆ ఇళ్ళు మేష్టర్ల చేతుల్లోకి వచ్చాయి. 1828లో రగ్బీ స్కూలుకి హెడ్మాస్టరుగా వచ్చిన థామస్ ఆర్నాల్డ్, చిన్నపిల్లల బాధ్యత పెద్దపిల్లల మీద పెట్టాడు. ఆ బడి జీవితం మీద థామస్ హ్యూస్ 1857లో రాసిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవల ఈ పద్ధతికి బోలెడంత ప్రచారం తెచ్చిపెట్టింది.

మరి హాస్టలు లేని బడి సంగతేమిటి? 1862లో మొదలైన క్లిఫ్టన్ కాలేజీలో ఇంటినుంచి వచ్చిపోయే కుర్రాళ్ళని, వాళ్ళుండే పేటల్ని బట్టి నార్త్ టౌన్, సౌత్ టౌన్ అని విడగొట్టారు. ఇల్లు లేని హౌస్ అన్నమాట. ఇది చదివాక నాకు మహా ఉత్సాహం వచ్చి, మనం కూడా బస్సు రూట్లని బట్టి హౌస్‌లు చేద్దామని స్టాఫ్ మీటింగులో అన్నాను. "సగం బడి అల్ నహదాలోనే ఉంటోంది, ఆ హౌస్‌కి తప్ప కప్పు ఇంకెవరికి వస్తుంది?" అని లెక్కల మేడమ్ ఒక్క మాటతో కొట్టిపారేశారు.

ఆడపిల్లల విషయానికొస్తే, స్కాట్లండులోని సెయింట్ లెనర్డ్స్ స్కూలు గురించి చెప్పుకోవాలి. 1877లో లూయిసా లమ్స్‌డెన్ మొదటి ప్రధానోపాధ్యాయినిగా మొదలైన బడి. ఎక్కువగా చదివినా పరుగెత్తినా ఆడపిల్లల ఆరోగ్యం పాడవుతుందని డాక్టర్లే చెప్పే రోజులవి. మగపిల్లల బళ్ళలో ఉన్న హౌస్‌లు, ఆటలు ఇక్కడా పెట్టారు. ఆడవాళ్ళ మొదటి లక్రాస్ ఆట 1890లో అక్కడే జరిగింది. మన దేశంలో మహారాణి గాయత్రీదేవి 1943లో జైపూర్‌లో బాలికల పాఠశాల పెట్టింది కూడా పరదా చాటున ఉన్న పిల్లల్ని బయటికి తేవడానికే. డెహ్రాడూన్‌లో 1935లో మొదలైన డూన్ స్కూల్లో ఒక హౌస్ పేరు హైదరాబాద్ హౌస్, మన నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా! తర్వాత కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, టాగోర్, అశోక, రామన్ వచ్చారు. నవోదయల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. నవోదయలో చదివినవాళ్ళకి హౌస్ అంటే నిజంగానే పడుకునే చోటు, కాబట్టి వాళ్ళకి ఈ ప్రసంగం అక్కర్లేదు.

గల్ఫ్‌కి ఈ పద్ధతి మన బళ్ళతోపాటు వచ్చింది. దుబాయిలో ఇండియన్ హైస్కూలు 1961లో, అవర్ ఓన్ ఇంగ్లిష్ హైస్కూలు 1968లో మొదలయ్యాయి. రెండూ 1971లో ఎమిరేట్స్ ఒక దేశంగా ఏర్పడకముందువే. ఇక్కడ చాలా ఇండియన్ స్కూళ్ళలో ఐదో తరగతి నుంచి అమ్మాయిలు వేరు, అబ్బాయిలు వేరు. మా ప్రాంగణంలోనైతే పొద్దున అమ్మాయిలు, మధ్యాహ్నం అబ్బాయిలు. ఒంటిగంటన్నరకి మా బస్సులు కదలాలి, వాళ్ళ బస్సులు రావాలి. మరి ప్రాక్టీసు ఎప్పుడు చేయాలి? ఇరవై నిమిషాల బ్రేకులో. అందులో పది నిమిషాలు టిఫిన్‌కి పోతే మిగిలిన పదిలో త్రోబాల్, ఖోఖో, రిలే, మార్చ్ పాస్ట్, దేశభక్తి గీతం! ఎండాకాలమైతే ఆ పది నిమిషాలు కూడా నీడలోనే. అందుకే మా పోటీలన్నీ నవంబరు, ఫిబ్రవరి మధ్యే జరిగేవి.

క్లాసులో పిల్లలు రెండో భాషని బట్టి విడిపోయేవారు. మలయాళం ఒక గది, తమిళం ఒక గది. మా బళ్ళో తెలుగు లేదు, మన పిల్లలు హిందీయో ఫ్రెంచో తీసుకునేవారు. బస్సులోనూ ఎవరి జట్టు వారిదే. హౌస్ మాత్రం అడ్మిషన్ నంబరుని బట్టి పడేది. అక్కలున్న హౌస్‌లోనే చెల్లెళ్ళని వేసేవాళ్ళం, లేకపోతే ఇంట్లో కురుక్షేత్రమే. మన గుంటూరు పిల్లా, త్రిసూర్ పిల్లా ఒకే తాడు పట్టుకుని లాగింది నేను ఇక్కడే చూశాను.

అయితే అంతా బంగారమేమీ కాదు. అరవైమంది ఉన్న హౌస్‌లో ఆరుగురు ఆడతారు, మిగతావాళ్ళు గొంతు పోయేలా అరుస్తారు. దాన్నే హౌస్ స్పిరిట్ అంటారు. దీనికి మాత్రం నేనొప్పుకోను. నాకు చేతనైనంతలో ఒక నియమం పెట్టాను. గ్రీన్ హౌస్‌లో ప్రతి పిల్లా ఏదో ఒక్క పోటీలోనైనా పేరివ్వాలి, అరబిక్ చేతిరాతైనా సరే. దానివల్ల రెండేళ్ళు వరసగా ఆఖరి స్థానంలో ఉన్నాం. 2001లో హ్యారీ పాటర్ సినిమా వచ్చాక పిల్లలు మమ్మల్ని హఫిల్‌పఫ్ అనేవారు. అదేమిటో తెలిశాక నాకు పెద్దగా కోపం రాలేదు.

2009 సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ ఏడు మా కెప్టెన్ పదకొండో తరగతి, విజయవాడ పిల్ల. ఒక నోట్ పుస్తకం పెట్టుకుని, ఎవరు ఎంత వేగంగా పరుగెడతారో, ఎవరికి మోకాలి నొప్పో, ఎవరికి స్టేజి భయమో అన్నీ రాసుకునేది. 2008 చివర దుబాయిలో నిర్మాణాలు ఆగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జనవరిలో వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది. వీసా రద్దయ్యాక దేశం వదలడానికి అప్పట్లో 30 రోజుల గడువు. సీబీఎస్ఈ పదకొండులోంచి మధ్యలో వెళ్తే అక్కడ ఇంటర్‌లో కుదరదు, సీబీఎస్ఈ స్కూల్లో సీటు వెంటనే దొరక్కపోతే ఒక సంవత్సరం పోయినట్టే. ఈ పిల్లేమో స్పోర్ట్స్ డే అయ్యేదాకా కదలనంది. వాళ్ళమ్మ బడికొచ్చి, "మీరైనా చెప్పండి టీచర్ గారూ, మా మాట వినడంలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను చెప్పాను. "వెళ్ళమ్మా, చదువు ముఖ్యం" అన్నాను. ఆ పిల్ల నావంక చూసి, "ఇల్లు ఖాళీ చేయమన్నారు, సరే. ఇది కూడా ఖాళీ చేయాలా మిస్?" అంది. నా దగ్గర జవాబు లేదు. బ్యాడ్జీ, పుస్తకం నా బల్లమీద పెట్టి వెళ్ళింది. స్పోర్ట్స్ డే ఇంకా నాలుగు రోజులే ఉంది.

ఆ నెలలో ఆ పిల్ల ఒక్కతే కాదు, మార్చ్ పాస్ట్ వరసలు మూడుసార్లు మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. ఒకసారి రెడ్ హౌస్‌లో మనుషులు చాలక ఇద్దరు పిల్లల్ని మేమే అప్పిచ్చాం. రూల్స్ పుస్తకంలో అలాంటిదేమీ లేదు, అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

స్పోర్ట్స్ డే రాత్రి విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. బాగున్నారా అని కూడా అడగలేదు.

"రిలే ఏమైంది మిస్?"

"రెండో స్థానం."

"బేటన్ ఎవరు పడేశారు?"

"ఎవరూ పడేయలేదమ్మా. బ్లూ వాళ్ళు మనకంటే వేగంగా పరుగెత్తారు."

"ఆఖరి రౌండు ఎవరికిచ్చారు?"

ఎనిమిదో తరగతి పిల్ల పేరు చెప్పాను. "పదిహేడో పేజీలో నేను రాసిందీ అదే" అని, అప్పుడు నవ్వింది. సీటు దొరికిందా అని అడిగితే, "చూస్తున్నారు మిస్" అంది.

ఫోన్ పెట్టేశాక పుస్తకం తీసి చూశాను. పదిహేడో పేజీలో రిలే జట్టు పేర్లు నాలుగూ పెన్నుతో రాసి ఉన్నాయి. నాలుగోది తన పేరే. దాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన ఆ ఎనిమిదో తరగతి పిల్ల పేరు రాసి, కింద తేదీ వేసింది. వాళ్ళమ్మ బడికి రావడానికి రెండు రోజుల ముందు తేదీ అది.