కాచు రంగు వరి ఆకు చెప్పిన సంగతి

పత్తి ఆకు ఎర్రబడిందని ఈ వారం చాలామంది ఫోటోలు పంపారు. పోయినేడు నా చేలోనూ అంతే. పురుగనుకుని రెండుసార్లు మందు కొట్టా. డబ్బులు పోయాయి, ఆకు మాత్రం అలాగే ఉంది. అందుకే ఇవాళ ఒక పాత సంగతి చెప్తా, ఓపిగ్గా చదవండి.

1960ల్లో హిమాలయాల కింద తెరాయి ప్రాంతంలో వరికి ఒక జబ్బు వచ్చేది. నాటిన రెండు మూడు వారాలకే ఆకు మీద తుప్పు మచ్చలు పడి, పైరు గిడసబారేది. అచ్చం తాంబూలంలో వేసే కాచు రంగు. కాచు చెట్టును హిందీలో ఖైర్ అంటారు, అందుకే దీనికి ఖైరా అని పేరొచ్చింది.

పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో యశ్వంత్ నెనె గారని ఉండేవారు. ఆయన పనే తెగుళ్లు చూడటం. ఏ బూజనో వైరస్ అనో ఆయన తేల్చేసినా కాదనే రైతు ఉండేవాడు కాదు. కానీ జింకు సల్ఫేటులో సున్నం కలిపి పిచికారీ చేస్తే పైరు తేరుకుంది. ఇది తెగులు కాదు, జింకు లోపం అని 1966లో ప్రకటించారు. మొక్కకు జింకు లేకపోతే కుదరదని అమెరికాలో 1926లోనే తేలింది. దాన్ని పొలంలో వరి ఆకు మీద చదవడానికి ఇంకో 40 ఏళ్లు పట్టిందన్నమాట! తర్వాత ఆయన మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు వచ్చారు. 1994లో సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ పెట్టిందీ ఆయనే.

ఇక మన చీమకుర్తి వైపు చూడండి. నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువున్న చోట జింకు, ఇనుము భూమిలో ఉన్నా వేరుకు అందవు. క్వారీల పక్క పొలమైతే ఆకు మీద దుమ్ము కడిగి మరీ చూడండి. పత్తిలో అడుగు ఆకులు ఈనెల మధ్య ఎర్రబడి, ఈనెలు పచ్చగానే ఉంటే మెగ్నీషియం లోపం. లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు చాలు. కొస లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. ఆకు అంచులు కిందికి ముడుచుకుని ఎర్రబడితే తిరగేసి చూడండి, పచ్చదోమ కనబడితే అది లోపం కాదు. కాయ బరువుకీ, రాత్రి చలికీ కూడా ఆకు ఎర్రబడుతుంది సుమా.

అనుమానంగా ఉంటే చేనంతా కొట్టకండి. నాలుగు సాళ్లకే కొట్టి, పక్క నాలుగు వదిలేయండి. వారం పది రోజులాగి, రెండింటి ఫోటోలూ పంపండి.