ఖద్దరు గౌను

విదేశీ బట్ట వద్దని గాంధీ పిలుపునిచ్చిన రోజులు. మద్రాసు మెడికల్ కాలేజీ ఆపరేషన్ గదిలోకి ఒక తెలుగు కుర్రాడు ఖద్దరు గౌను తొడుక్కుని వచ్చాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. ఆ కోపం ఆ పూటతో చల్లారిపోయి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

కుర్రాడి పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని చిన్నతనంలోనే ఇల్లు విడిచి పారిపోయాడు. వెతికి వెనక్కి తెచ్చారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మెడిసిన్ చదువుకు స్నేహితులు తలా కొంత వేసుకున్నారు, ఆ తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. పిల్లనిచ్చిన మామ సొమ్ముతో చదివేవాడు ప్రొఫెసర్ కళ్లబడకుండా తలవంచుకు తిరగాలి. లోకం తీరు అదే. అయినా ఆ పొద్దున ఖద్దరే తొడుక్కున్నాడు. ఆయన కనిపెట్టిన మందులన్నీ ఒక ఎత్తు, నాకు ఆ పొద్దున ఒక్కటీ ఒక ఎత్తు.

రాతపరీక్షలు బాగానే రాశాడు. ఫలితం చేతికొచ్చేసరికి ఎంబీబీఎస్ లేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ ఇచ్చారు. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించాడు, రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ బతికాడు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయాడు. వారం తిరిగిందో లేదో తమ్ముడూ పోయాడు. ఇంట్లో వైద్యం చదివినవాడు ఉండి కూడా ఇద్దరినీ ఆపలేకపోయాడు.

వడ్డాది అనే పల్లె నుంచి చోడవరం మీదుగా బస్సెక్కి విశాఖ చేరే పిల్లకు ఇప్పుడు డాక్టరు చదువుకు మద్రాసు అక్కర్లేదు. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ అక్కడే ఉంది. నీట్ దాటి సీటు తెచ్చుకోవడమే గండం అనుకుంటాం. లోపలికి వెళ్లాక ఇంకో భయం కాచుకుని ఉంటుంది. థియరీ వేరు, ప్రాక్టికల్స్ వేరు, రెండూ పాసవ్వాలి. వైవాలో ఎగ్జామినర్ ఎదుట నిలబడాలి. అందుకే ఏ హాస్టల్లోనైనా సీనియర్లు కొత్తవాళ్లకు మొదట చెప్పేది ఒకటే: "సార్‌కి ఎదురు చెప్పకు, మనసులో పెట్టుకుంటారు." వరసగా డ్యూటీలు పడి నిద్రలేక కళ్లు మూతలు పడుతున్నా ఆ పిల్ల నోరు మెదపదు. నూరేళ్లు దాటినా ఈ మాట హాస్టళ్లలో బతికే ఉందంటే నాకు కడుపు రగిలిపోతుంది.

సుబ్బారావు అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగం లాంటి పని చేశాడు. శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని అక్కడి ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో వెలువరించాడు. తర్వాత లెడర్లే మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నను తీసుకుపోయిన స్ప్రూకి మందు అదే. 1947లో ఆ బృందమే బోదకాలుకు డీఈసీ మందు తెచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన నిద్రలోనే వెళ్లిపోయాడు.

ఉమ్మడి విశాఖ జిల్లా పల్లెల్లో బోదకాలు తరతరాల పీడ. 2004 నుంచి ఏటా ఒకసారి ఇంటింటికీ ఆ డీఈసీ మాత్రలు పంచే పని పెట్టుకున్నారు. వడ్డాది లాంటి ఊళ్లలో ఆ మాత్రలిచ్చేవాళ్లు గడప దగ్గరే నిలబడి, అన్నం తిన్నారా అని ముందు అడిగేవారు. పరగడుపున వేసుకోకూడదు. రెండేళ్లు దాటిన పసివాడికి ఒకటి, ఆరేళ్లు నిండితే రెండు, పదిహేను నిండినవాళ్లకు మూడు. చేతికిచ్చి వెళ్లిపోయేవారు కాదు. నీళ్లు తెప్పించి, తమ ఎదుటే మింగేదాకా ఉండేవారు.