రేవులో చిక్కిన ఓడ



యుద్ధమనగానే మనకు సేనలు, ఫిరంగులు, యుద్ధనౌకలు స్ఫురించును. కాని యుద్ధము ప్రకటింపబడిన నాటి యుదయమున శత్రువుల రేవులో సరకు దింపుకొనుచున్న వర్తకపుటోడ గతి యేమి? దాని కెప్టెను సైనికుడు కాడు. కళాసీలు జీతమునకు వచ్చినవారు. ఓడ యొక కంపెనీది. నిన్నటిదాక అది ఆ రేవునకు అతిథి. నేడు శత్రువుల సొత్తు. దానిని పట్టుకొనవచ్చునా? పట్టుకొన్నచో ఎవరు కాపాడవలెను? ఎవరు వాడుకొనవచ్చును? యుద్ధము ముగిసిన పిమ్మట తిరిగి యీయవలెనా? 1914 మొదలు ప్రభుత్వములు ఈ ప్రశ్నలకు చెప్పిన సమాధానములను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

చెన్నపట్టణపు తీరమువారికి ఎమ్డెను పేరు క్రొత్తది కాదు. 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి ఆ జర్మను యుద్ధనౌక పట్టణముపై గుండ్లు కురిపించి, తీరమందలి నూనె తొట్లను తగులబెట్టినది. అంతకు ముందు కొలది దినములలోనే అది బంగాళాఖాతమున అనేకములగు బ్రిటిషు వర్తకపుటోడలను పట్టుకొన్నది. పట్టుకొని యేమి చేసినది? అందలి మనుష్యులను దింపి, చాలవఱకు ఓడలను ముంచివేసినది. పట్టిన యోడను తీసికొనిపోవుటకు దానికి దాపున స్వంత రేవు లేదు. రేవులుగల ప్రభుత్వముల స్థితి వేఱు. వారు ఓడను ముంచ నక్కఱలేదు, ఉంచుకొనవచ్చును. ఆ యుంచుకొనుటలోనే చిక్కంతయు నున్నది.

పూర్వకాలమున ఈ చిక్కు లేదు. దొరికినది దొరికినవానికే చెల్లెడిది. వర్తకము పెరిగిన కొలది ఈ మోటు న్యాయము మెత్తబడినది. 1854లో క్రైమియా యుద్ధము మొదలైనపుడు ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు తమ రేవులలోని రష్యా యోడలకు ఆఱు వారముల గడువిచ్చి పోనిచ్చినవి. ఈ మర్యాదనే 1907లో హేగు నగరమున సమావేశమైన రాజ్యములు ఆఱవ ఒడంబడికగా వ్రాసికొన్నవి. దాని సారాంశమిది: యుద్ధారంభమున రేవులోనున్న శత్రువుల వర్తకపుటోడను తగిన గడువిచ్చి వెళ్లనిచ్చుట మేలు. వెళ్లనీయకున్నచో జప్తు మాత్రము చేయరాదు. యుద్ధాంతమున తిరిగి యిచ్చు షరతుపై, పరిహారము లేకయే నిలిపి యుంచవచ్చును. లేదా పరిహారమిచ్చి ప్రభుత్వపు పనికి తీసికొనవచ్చును. యుద్ధము సంగతి యెఱుగక రేవునకు వచ్చిన యోడకును ఇదియే న్యాయము. యుద్ధము మొదలైనదని తెలిసియు నడిసముద్రమున తిరుగుచు పట్టుబడిన యోడ సంగతి వేఱు. దానిని ప్రైజు కోర్టులో విచారించి ప్రభుత్వపరము చేయవచ్చును. కావున పట్టుబడిన ఓడ వేఱు, నిలుపబడిన ఓడ వేఱు. మొదటిది గెలుచుకొన్న సొమ్ము, రెండవది ఇల్లడసొమ్ము.

ఇల్లడను గూర్చి మన ధర్మశాస్త్రకారులు స్పష్టముగా చెప్పియున్నారు. తన యొద్ద దాచిన సొత్తును స్వేచ్ఛగా వాడుకొని బ్రతికినవాడు దండ్యుడనియు, ఆ సొత్తును లాభముతో గూడ వానిచేత ఇప్పింపవలెననియు యాజ్ఞవల్క్యస్మృతి శాసించినది. రాజుచేత గాని, దైవముచేత గాని, దొంగలచేత గాని పోయిన ఇల్లడకు మాత్రము దాచినవాడు బాధ్యుడు కాడు. మనము చెప్పుకొనబోవు కథలో విశేషమేమనగా, ఇల్లడ పుచ్చుకొన్నవాడే రాజు.

మొదట ఆస్ట్రేలియా సంగతి చూతము. 1914 ఆగస్టు 5వ తేదిని ఫాల్జ్ అను జర్మను ఓడ మెల్బోర్ను రేవు విడిచి, ఫిలిప్ అఖాతము దాటి బయటి సముద్రములో పడబోవుచుండెను. అంతలో యుద్ధవార్త తీరమునకు అందెను. నెపియన్ కోటనుండి ఒక గుండు వచ్చి దాని ముందు నీట బడెను. ఆ యుద్ధమున బ్రిటిషు సామ్రాజ్యపక్షమున పేలిన తొలి గుండు అదియే యందురు. ఓడను నడిపించుచున్న రేవు పైలటు కెప్టెనుతో పెనగులాడి దానిని వెనుకకు మఱలించెను. ఆఱు దినములకు అదే అఖాతమునకు హోబర్ట్ అను మఱియొక జర్మను ఓడ వచ్చెను. యుద్ధము సంగతియే దాని కెప్టెను ఎఱుగడు. రిచర్డ్‌సన్ అను నౌకాధికారి క్వారంటైను ఉద్యోగి వేషమున ఓడ నెక్కి దానిని స్వాధీనపఱచుకొనెను. రాత్రివేళ కెప్టెను రహస్యముగా తీయబోయిన సంకేతపుస్తకము కూడ ఆయన చేతికి చిక్కెను. జర్మను నౌకాదళము వర్తకపుటోడలతో నడపు సంకేతభాష అందులో నుండెను. దాని ప్రతి లండనునకు చేరెను.

ఇంగ్లండులో నేమి జరిగెను? జర్మనీ తన రేవులలోని బ్రిటిషు ఓడలపట్ల అట్టి మర్యాదయే చూపునేని, ఆగస్టు 14వ తేది అర్ధరాత్రివఱకు జర్మను ఓడలకు గడువిత్తుమని ఆ ప్రభుత్వము ఆగస్టు 4వ తేదిని ప్రకటించెను. జర్మనీనుండి తృప్తికరమగు మాట నిర్ణీతకాలములో రాలేదు. కావున గడువు అమలు కాలేదు. ఆస్ట్రియా-హంగరీతో మాత్రము అమలైనది. క్రైమియా యుద్ధము తరువాత మూతబడియుండిన ప్రైజు కోర్టు మరల తెఱువబడెను. సర్ సామ్యుయేల్ ఎవాన్సు అను న్యాయాధిపతి చిలీ అను జర్మను ఓడ వ్యాజ్యమున జాగ్రత్తగా అడుగు వేసెను. ఓడను కోర్టు మార్షలు అధీనమున నిలిపి యుంచుమనెను. అది చివరకు ఎవరిదో యప్పుడు తేల్చలేదు. ఆ తీర్పు ననుసరించి పలు ఓడలు అట్లే నిలుపబడెను.

నిలిపి యుంచుట యనిన సులభముగా దోచును. కాని ఓడ బంగారము కాదు. పెట్టెలో పెట్టి తాళము వేయుటకు వీలులేదు. కదలని యోడ అడుగున నాచు, గుల్లలు పట్టును. యంత్రములు త్రుప్పు పట్టును. లోన నీరు చేరకుండ, లంగరు గొలుసు తెగకుండ కాపలా యుండవలెను. అది నిలిచిన చోటు మఱియొక యోడకు కావలసియుండును. లోని సరకులో కొంత శత్రువులది, కొంత తటస్థులది, కొంత స్వదేశపు వర్తకులదే. ఈ లెక్కలన్నియు తేల్చుటకు ఉద్యోగులు కావలెను. ఇంతలో ఓడల కఱవు వచ్చెను. సేనలను, గుఱ్ఱములను, గోధుమను, ఉన్నిని మోయుటకు ఓడలు చాలవు. ఒకవంక జలాంతర్గాములు ముంచుచున్నవి. మఱియొకవంక మంచి యోడలు రేవులలో ఊరక పడియున్నవి. ఏ మంత్రి యెంతకాలము చూచుచు నూరకుండగలడు?

అట్లే జరిగినది. ఆస్ట్రేలియా ప్రభుత్వము తన చేత జిక్కిన యోడలకు క్రొత్త పేర్లు పెట్టి సముద్రముపైకి పంపినది. ఫాల్జ్ బూరారా యయ్యెను. హోబర్ట్ బరంబా యయ్యెను. సుమత్రా బరుంగా యయ్యెను. ప్రధానమంత్రి హ్యూస్ 1916లో పదునైదు ఓడలు కొని ప్రభుత్వ నౌకాసంస్థను స్థాపించినపుడు, ఈ పట్టుబడి యోడలు కూడ వాని సరసన చేరి సరకు మోసినవి. బూరారా 1918లో రెండుమార్లు టార్పీడో దెబ్బ తిని బ్రతికినది. బరుంగా యదృష్టము వేఱు. 1918 జూలైలో రోగులును క్షతగాత్రులునైన సైనికులను స్వదేశమునకు తెచ్చుచుండగా జర్మను జలాంతర్గామి దానిని ముంచివేసెను. దైవికముగా ప్రాణనష్టము లేదు. జర్మనుల యోడను జర్మనులే ముంచిరి. యుద్ధాంతమున తిరిగి యిచ్చుటకు ఇక నేమి మిగిలినది?

తటస్థరాజ్యముల రేవులలో తలదాచుకొన్న యోడలకును ఇట్టి గతియే పట్టినది. పోర్చుగలు రేవులలో సుమారు డెబ్బది జర్మను ఓడలు నిలిచియుండెను. బ్రిటను కోరికపై 1916 ఫిబ్రవరిలో పోర్చుగలు వానిని స్వాధీనపఱచుకొన్నది. గోవాలోని మర్మగోవా రేవునగల ఓడలు సైతము దీనికి లోబడినవి. మార్చి 9వ తేదిని జర్మనీ పోర్చుగలుపై యుద్ధము ప్రకటించినది. ఓడలను తీసికొన్న దేశము యుద్ధమునే కొనితెచ్చుకొన్నది.

అమెరికా కథ మఱియు విచిత్రము. హేగు ఒడంబడిక ఓడల హక్కులను చాలినంతగా కాపాడలేదని తలచి అమెరికా దానిపై సంతకము చేయలేదు. 1917 ఏప్రిలు 6వ తేదిని యుద్ధములో దిగిన వెంటనే తన రేవులలోని జర్మను ఓడలను పట్టుకొన్నది. వానిని ప్రభుత్వపరము చేయుటకు మే 12వ తేదిని కాంగ్రెసు అధికారమిచ్చెను. జర్మను నావికులు ముందే పలు ఓడల యంత్రములను పగులగొట్టి యుంచిరి. అమెరికను ఇంజనీర్లు విద్యుచ్ఛక్తితో ఆ లోహము నతికి కొలది నెలలలో బాగుచేసిరి. సుమారు 54,000 టన్నుల ఫాటర్లాండ్ నాటి ఓడలలోకెల్ల పెద్దది. అది లెవియాథన్ పేరుతో లక్షకు మించిన సైనికులను మోసినది. జార్జి వాషింగ్టన్ అను జర్మను ఓడకు పేరు మార్చ నక్కఱయే లేకపోయెను. 1918 డిసెంబరులో అధ్యక్షుడు విల్సను సంధిసభకు ప్రయాణమైనది ఆ యోడమీదనే.

ఆ సభలో పుట్టిన 1919 నాటి వెర్సేల్సు సంధి మిగిలిన కథను ముగించినది. 1,600 టన్నులును అంతకు మించినవియు నగు తన వర్తకపుటోడల నన్నిటిని జర్మనీ వదలుకొనవలెనని విధింపబడెను. ప్రైజు కోర్టుల తీర్పులను అది యంగీకరింపవలసి వచ్చెను. ఇల్లడ పెట్టినవానిచేతనే వదలుకొంటినని వ్రాయించుకొన్నట్లయినది. ఓడల యజమానులకు 1921లో పరిహారము నొప్పుకొన్నది జర్మను ప్రభుత్వమే.

ఒక్క చిన్న రంధ్రము మిగిలినది. బ్లాండ్ మొదలైన కొన్ని యోడలు డాన్జిగు నగరపు కంపెనీవి. సంధిచేత డాన్జిగు జర్మనీనుండి విడివడి స్వతంత్రనగరమైనది. కావున దాని పౌరుల యోడలకు ఆ వదులుబాటు వర్తింపలేదు. వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలుకు పోగా, హేగు ఒడంబడిక బ్రిటనును బంధించుననియు, ఆ యోడలను జప్తు చేయుట చెల్లదనియు 1922లో తీర్పు వచ్చెను. న్యాయము బ్రతికియే యున్నదని తెలిసినది. కాని అది జర్మనులు కాకుండబోయిన యా కొలదిమందికే అక్కఱకు వచ్చినది. మూడేండ్లకు, 1925లో, బ్రిటను ఆ యొడంబడికనుండియే తప్పుకొన్నది.

రెండవ ప్రపంచయుద్ధమున ఇట్టి మొగమాటము లేదు. బ్రిటిషువారు పట్టిన యోడలలో ననేకములకు ‘ఎంపైర్’ అను మాట ముందు చేర్చి పేర్లు పెట్టి నడపిరి. 1940 మార్చిలో పట్టుబడిన హానోవర్ అను జర్మను సరకుటోడ ఎంపైర్ ఆడాసిటీ యై, పిమ్మట విమానములు మోయు రక్షకనౌకగా మారి, 1941 డిసెంబరులో జలాంతర్గామి వాత బడెను. మర్మగోవాలో మరల మూడు జర్మను ఓడలు, ఒక ఇటలీ ఓడ తలదాచుకొన్నవి. ఈసారి పోర్చుగలు వానిని ముట్టక తటస్థముగా నుండెను. 1943 మార్చిలో కలకత్తానుండి రహస్యముగా వచ్చిన దళము ఎహ్రెన్‌ఫెల్స్ అను ఓడపై బడగా, నావికులే నాలుగు ఓడలను తగులబెట్టి ముంచివైచిరి.

ఇదంతయు విని, ఆపత్కాలమున ఓడలను వాడుకొన్న ప్రభుత్వములను దూషింపవలెనని నా యభిప్రాయము కాదు. ఆకలిగొన్న ఊరిలో ధాన్యపుకొట్టునకు తాళము వేసి కూర్చుండుమని యే ధర్మమును చెప్పదు. ఒడంబడిక కూడ వాడుకొనుటను నిషేధింపలేదు, పరిహారమిచ్చి వాడుకొమ్మన్నది. తప్పు వాడుకలో లేదు, లెక్క చెప్పకపోవుటలో నున్నది. ఈ విషయమున ఒడంబడికపై సంతకము చేయని అమెరికాయే 1928లో చట్టము చేసి, తాను తీసికొన్న యోడలకు జర్మను యజమానులకు సొమ్ము చెల్లించుటకు ఏర్పాటు చేసినది. ఆలస్యముగానైనను లెక్క చెప్పినది. సంతకము చేసినవారు గెలుపుతో లెక్క కొట్టివేసికొనిరి. ఓడిన రాజ్యమునకు దీనిని ప్రశ్నించు శక్తి లేదు. గెలిచిన రాజ్యము తన్ను తానే ప్రశ్నించుకొన్ననాడు గదా ఇట్టి యొడంబడికలకు విలువ కలుగును.