పుదుచ్చేరిలో పాతగుడ్డ చరిత్ర

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అను సామెత మనలో కలదు. సామెతలు లోకానుభవమునుండి పుట్టునవే గాని, ఈ సామెత మాత్రము మన ఇండ్ల ఆచారమునకు సరిపడునది కాదు. మన అమ్మమ్మలు చినిగిన చీరను పారవేసి ఎరుగరు. నాలుగైదు పాతచీరలను పొరలుగ పరచి, అంచులు మడిచి, వరుసకుట్లు వేసి బొంత కుట్టెడివారు. మెత్తబడిన పంచె పసిబిడ్డకు పొత్తిగుడ్డ అగును. అదియు నలిగిన పిమ్మట వంటింటి మసిగుడ్డ. సంక్రాంతి దినములలో వాకిట నిలుచు గంగిరెద్దు మూపుననున్న బొంతను పరికించినచో, ఊరివారి చీరలన్నియు అందొక్కొక్క పేలికగ కానవచ్చును.

ఉద్యోగరీత్యా పుదుచ్చేరికి వచ్చి, ఇచ్చటనే బిడ్డలను చదివించుకొనుచున్న మన కుటుంబములవారు, బంధువులు వచ్చినప్పుడు సముద్రతీరమును, పసుపుపచ్చ గోడల ఫ్రెంచి వీధులను చూపుదురు. ఈ పట్టణమునకు గుడ్డతో, అందును పాతగుడ్డతో, గల సంబంధమును చూపువారు తక్కువ. ఆ కథ కొంత తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఫ్రెంచి కంపెనీవారు 1674లో ఫ్రాన్సువా మార్తెన్ నాయకత్వమున ఇచ్చట నిలదొక్కుకొనుటకు ముఖ్యకారణము చోళమండల తీరపు నూలుబట్ట. నీలిమందులో ముంచిన ఇచ్చటి బట్ట తరువాతి కాలమున 'గినీ' అను పేర పశ్చిమాఫ్రికాకు ఓడలకెక్కెను. సెనెగల్ నదీతీరమున జిగురు వర్తకములో అది నాణెము వలె చెల్లెడిది. డూప్లే దొర దుబాషీ ఆనందరంగ పిళ్ళె కూడ వర్తకుడే. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' రచించి ఆయన పేరును తెలుగు ఛందశ్శాస్త్రములో నిలిపినాడు గనుక, పిళ్ళె మనకు పరాయివాడు కాడు. ఆయన 1736 మొదలు 1761లో మరణించువరకు తమిళమున వ్రాసిన దినచర్య చరిత్రకారులకు పెన్నిధి.

ఆ దినచర్యను చదువువారు అనేకులు గాని, ఆనాటి కాగితమును గూర్చి ఆలోచించువారు అరుదు. ఆ శతాబ్దమున కొయ్యగుజ్జు కాగితము లోకమున ఎచ్చటను లేదు. ఐరోపాలో చింకిగుడ్డలనుండి, మన దేశమున పాతగోనెలు, తాళ్లు, వలలనుండి కాగితము చేసెడివారు. చైనాదేశమున సుమారు క్రీ.శ. 105లో త్సాయ్ లూన్ అను రాజోద్యోగి ఏలినవారికి నివేదించిన కాగితమునందును చింకిగుడ్డలు, చేపల వలలు కలవని చెప్పుదురు. కావున రాజుల సంధిపత్రములు, వర్తకుల పద్దులు, కవుల గ్రంథములు ఎన్నియో ఎవరో కట్టి విడిచిన బట్టలమీద వ్రాయబడినవే. ఐరోపాలో గుడ్డపేలికలకు ఎంత కరవు వచ్చెననగా, వాని ఎగుమతిని నిషేధించిన రాజ్యములు కూడ కలవు. 1844లో జర్మనీలో కెల్లర్ అను నేతగాడు కొయ్యను నూరి గుజ్జు చేయు ఉపాయము కనిపెట్టిన తరువాతనే ఆ కరవు తీరినది. కాగితము చౌక అయినది. దానితోపాటు దాని ఆయుస్సును తగ్గినది. కొయ్యలోని లిగ్నిన్ అను పదార్థము వెలుతురు సోకినకొలది పసుపెక్కును. పాత వార్తాపత్రికను పెట్టె అడుగున పరచి, పదేండ్ల తరువాత తీసి చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

పిళ్ళె కన్ను మూసిన నాలుగు దినములకే, 1761 జనవరి 16న, పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమై, పిమ్మట నేలమట్టము చేయబడెను. 1765 నుండి పాత పునాదులమీదనే ఊరు మరల లేచినది. నేడు తీరమున గాంధీ విగ్రహము చుట్టును నిలిచియున్న చెక్కడపు రాతిస్తంభములు జింజి కోటనుండి తెచ్చినవని ప్రసిద్ధి. ఒకచోట కూలినదానిని మరియొకచోట నిలుపుట ఈ పట్టణమునకు క్రొత్తవిద్య కాదని చెప్పుటకే ఈ ప్రసంగము.

బట్ట కథ యంత్రయుగమునను కొనసాగెను. సవానా మిల్లు 19వ శతాబ్దపు పూర్వార్ధమున, ఆంగ్లో–ఫ్రెంచి మిల్లు 1898లో వెలసినవి. 1936 జూలై 30న న్యాయమైన కోర్కెలకై నిలిచిన మిల్లు కార్మికులపై కాల్పులు జరిగి 12 మంది ప్రాణములు కోల్పోయిరి. ఎనిమిది గంటల పనిదినము వారి నెత్తుటితో వచ్చినది. ఆంగ్లో–ఫ్రెంచి మిల్లు 2020లో మూతపడినది. గుడ్డతో పుట్టిన ఊరిలో ఆ పెద్ద మగ్గముల చప్పుడు నేడు వినరాదు.

ఇక చేతికాగితము సంగతి. యంత్రపు కాగితముతో మన దేశపు కాగితపు పనివారు చితికిపోగా, గాంధీ మహాత్ముడు 1934లో నెలకొల్పిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము ఈ విద్యను పునరుద్ధరింప పూనుకొనెను. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమము వారి చేతికాగితపు కర్మాగారము 1959లో ఆరంభమైనది. ఫ్రెంచివారు 1954లో పాలన అప్పగించిరి గాని చట్టరీత్యా విలీనము 1962లో గాని పూర్తికాలేదు; ఈ కర్మాగారము ఆ రెంటి నడుమ పుట్టినది. ఇది సర్దార్ పటేల్ రోడ్డున కలదు. పిల్లలతో పోయి చూడదగిన తావు.

అచ్చట కాగితమునకు ముడిసరుకు కుట్టుపరిశ్రమలో మిగిలిన నూలుగుడ్డ కత్తిరింపులు. ముందుగ వానిని రంగులవారీగ ఏరి, గుండీలు, గట్టికుట్లు తొలగించి, చిన్న ముక్కలుగ నరుకుదురు. డచ్చివారు 17వ శతాబ్దమున కల్పించిన హాలెండరు అను తొట్టియంత్రములో నీటితో కలిపి గంటల తరబడి చితుకకొట్టగా, గుడ్డ తన నేతను మరచి నారగ విడివడి, మీగడ వంటి గుజ్జగును. పనివాడు సన్నని జల్లెడ బిగించిన చట్రమును తొట్టిలో ముంచి ఎత్తును. నీరు జారుచుండగా చట్రమును నలుప్రక్కలకు ఒక్కసారి కదుపును. ఆ కదలికతోనే నారలు అల్లుకొనును. కాగితము దళసరియో పలుచనో నిర్ణయించునది ఆ మణికట్టు ఒడుపే. తడికాగితమును గుడ్డపై బోర్లించి, దొంతరగ పేర్చి, మరయంత్రమున అదిమి నీరు పిండి, బట్టలారవేసినట్లు ఆరవేయుదురు. పిదప సిరా పీల్చకుండ జిగురుపూత, నునుపు. గుజ్జులో పూలరేకులో గడ్డిపోచలో కలిపినచో అలంకారపు కాగితమగును. చిక్కని ద్రవముపై రంగులు తేలవేసి, దువ్వెనతో గీతలు దిద్ది, దానిపై కాగితము పరచి తీసినచో చలువరాతి చారలు వచ్చును. దీపపు గొడుగులు, పెట్టెలు, చిత్రసంపుటములు వీనితోనే చేయుదురు.

ఇచ్చట ఒక సంగతి గుర్తింపవలెను. ఏ పాతగుడ్డయైనను కాగితము కాజాలదు. నూలు దాదాపు శుద్ధమైన సెల్యులోజు. నీటిలో నాని, చితికి, ఆరునప్పుడు నారకు నార అంటుకొనును. పాలియెస్టరునకు నీటితో పొత్తు లేదు. ఎంత కొట్టినను గుజ్జు కాదు, ఒకదానినొకటి పట్టదు. నేడు మనము కొను చొక్కాలు, చీరలు అనేకము నూలుతో పాలియెస్టరు కలిపి నేసినవే. ఇస్త్రీ అక్కరలేదని మురియుదుము గాని, ఆ బట్టకు కాగితముగ మరుజన్మ లేదు; బొంతకైనను చెమట పీల్చదు. పాతవస్తువు మరల పనికివచ్చుట దానిని మొదట చేసినవాని చేతిలోనే యున్నది. ఫ్రెంచి ఇండ్లు పడగొట్టినప్పుడు టేకు తలుపులకు, కిటికీలకు కొనువారు వెంటనే వత్తురు. ప్లైవుడ్డు తలుపును ఎవరు అడుగుదురు? గాంధీవీధి ఆదివారపు సంతలో గుట్టలుగ పోసిన బట్టల ఎదుట నిలిచి బేరమాడు మన ఇల్లాండ్రు ముందుగ అంచును వ్రేళ్లతో నలిపి చూచుట ఇందుకే. దీనిని కొందరు పిసినారితనమందురు. నా దృష్టిలో అది పరీక్ష.

ఇట్టి చేతిపనిని ఆడవారి కాలక్షేపమని తేలికగ చూచువారికి 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతర చరిత్ర సమాధానము చెప్పగలదు. తీరపు పల్లెలలో పడవలు, వలలు, ఇండ్లు, మనుషులు కూడ పోయిరి. సముద్రమువంక చూచుటకే జాలరి స్త్రీలు భయపడిన ఆ దినములలో, పట్టణమునకు ఉత్తరముననున్న ఆరోవిల్లులోని ఉపాసన అను దుస్తుల సంస్థవారు మిగిలిన గుడ్డముక్కలనిచ్చి బొటనవ్రేలంత బొమ్మలు చేయ నేర్పిరి. దానికి 'సునామిక' అని పేరు. తలకు ఒక పేలిక, ఒంటికి ఒక పేలిక, పైన రెండు కుట్లు. బొమ్మను అమ్మరాదనియు, కానుకగనే ఈయవలెననియు నియమము. పుచ్చుకొన్నవారు తోచిన విరాళమిత్తురు, చేసినవారికి కూలి ముట్టును. ఆ బొమ్మలు లక్షలసంఖ్యలో దేశదేశములకు పోయినవి. ఆరోవిల్లులోనే 'వెల్ పేపర్' అను మరియొక ప్రయత్నము పల్లె స్త్రీలకు పాత వార్తాపత్రికలను చుట్టి గిన్నెలు, బుట్టలు చేయు విద్య నేర్పినది. ఊరడింపుతోపాటు కూలి కూడ లభించుటచేతనే ఇవి నిలిచినవని నా తలంపు. ఊరక ఊరడించిన ఎన్ని రోజులు నిలుచును?

పుదుచ్చేరి ప్రాంతమునందే తిరుక్కనూరు కాగితపుగుజ్జు బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలదు. మన కొండపల్లి బొమ్మలవారును పొణికి కొయ్య చెక్కగా రాలిన రంపపుపొట్టును పారవేయక, చింతగింజల పిండితో కలిపి 'మక్కు' చేసి, బొమ్మల అవయవములను అతుకుదురు. ఈ విద్యకు ఇంటి రూపము మనవారిలో చాలమందికి తెలిసినదే. పాత కాగితములను రెండుమూడు దినములు నానబెట్టి, నీరు పిండి, నానిన మెంతులతో కూడ రోట మెత్తగ రుబ్బవలెను. మెంతుల జిగట కాగితమును పట్టియుంచును, చేదు పురుగును రానీయదు. బోర్లించిన కుండపై తడిగుడ్డ కప్పి, ఆ ముద్దను వ్రేలి మందమున అన్నివైపుల సమముగ తట్టవలెను. మొదట నీడను, పిమ్మట ఎండను ఆరవలెను. తొందరపడి ఎండలో పెట్టినచో బీటలు వారును. కుండ తీసిన తరువాత పైన పాతచీర పేలిక అంటించి, అంచున ముగ్గుగీతల వలె రంగు వేసినచో, వచ్చు సంక్రాంతి బొమ్మల కొలువులో రేగుపండ్లు, చెరకుముక్కలు పోయుటకు బుట్ట సిద్ధము.